ఎనిమిది సెంటీమీటర్లు

పైకప్పులో రెండో కన్నం సగంలో ఉండగా డ్రిల్లింగ్ మెషిన్ గొంతు మారింది. కాంక్రీటును కొరికే బొంగురు చప్పుడు పోయి, పళ్లు జివ్వుమనేలా కీచుమంది. మారిక మెషిన్ ఆపేసింది. బూడిదరంగు నీళ్లు మోచేతుల మీదుగా ఆమె చొక్కాలోకి కారుతున్నాయి. ఉలితో తట్టేసరికి గుండ్రటి కాంక్రీటు దిమ్మ ఊడి అరచేతిలో పడింది. దాని అంచున తెగిన ఉక్కు తీగ కొత్తగా తళతళలాడుతోంది.

తుర్కు నగరంలో అది ముప్ఫై ఏళ్ల అపార్ట్‌మెంటు. షవర్ మీద ఆరు లైట్లు కప్పులోకి ఇమిడిపోవాలని ఇంటాయన కోరిక. కప్పుకు ఎనిమిది సెంటీమీటర్ల కిందగా ఇంకో పలక బిగిస్తే లైట్లు అందులో హాయిగా కూర్చుంటాయి. కానీ ఆయన పొడగరి. కప్పు దించితే పెట్టెలో స్నానం చేసినట్టుంటుందన్నాడు. పోనీ, లోపల ఉక్కు ఎక్కడుందో చూపించే యంత్రం తెప్పించమని మారిక మూడు రోజులు అడిగింది. అది వేరే పనిలో ఉందన్నాడు కాంట్రాక్టరు రౌనో.

“ఏంటి, ఆగిపోయావ్?” అంటూ ఇప్పుడా రౌనోనే కాఫీ కప్పుతో వచ్చాడు.

“తీగ తెగిందండీ. పైన ఇంటి బరువు మోసే తీగ.”

అతను దిమ్మను అందుకుని అటూ ఇటూ తిప్పాడు. “ఒక్కటేగా! దీనికే ఇల్లు కూలుద్దా? లైటు పెట్టేస్తే ఎవడికి కనబడుద్ది? ఇంకా నాలుగున్నాయ్, కానియ్.”

“ఆ నాలుగింట్లో ఇంకెన్ని తెగుతాయో?”

“నీకెందుకు మారికా ఇంజనీరు గోల? నువ్వు కరెంటు మనిషివి. నువ్వు సంతకం పెట్టే కాగితంలో కాంక్రీటు ఊసే లేదు.” ఓ గుక్క తాగి, మెత్తగా అన్నాడు. “మీ చెల్లి లేలో నా దగ్గర టైల్స్ బాగా వేస్తోంది. నేనిచ్చిన గది కూడా మీ ఇద్దరికీ అలవాటైపోయింది.”

గది తాళం చేతిలో ఉన్నవాడికి గొంతు పెంచాల్సిన అవసరమేముంది? సముద్రం అవతల సొంతూరు టాలిన్‌లో ఓడెక్కి వచ్చిన పదకొండేళ్లలో మారిక నోరు విప్పింది తక్కువ. ఇక్కడివాళ్లకు గంటకు ఇరవై రెండు యూరోలైతే తనకు పదహారు. దానికీ ఊరుకుంది. మూడు రోజులు యంత్రం అడిగి, నాలుగో రోజు నోరు మూసుకుని డ్రిల్ పట్టిందీ తనే. ఆ తీగ తెంపింది తన చెయ్యే.

అంతలో పైన బట్టలుతికే మెషిన్ తిరగడం మొదలెట్టింది. పైయింటి హెల్లెవి గారు, ‘ఇంకెన్నాళ్లమ్మా ఈ మోత’ అంటూ రోజూ మెట్ల మీద దులిపేసే ముసలావిడ, మెషిన్‌ను సరిగ్గా ఈ షవర్ మీదే పెట్టుకుంది. ఆ అదురుకు కన్నం అంచు నుంచి సన్నటి ఇసుక రాలి మారిక చెంప మీద పడింది.

ఆమె నిచ్చెన దిగి, రౌనో చేతిలోని దిమ్మను లాక్కుంది.

“ఎక్కడికి?”

“పైకి. ఆ మెషిన్ ఆపమని చెప్పాలి.”

“పిచ్చా నీకు? ఎందుకని అడగదా?”

“అడుగుద్ది. చెప్తా.”

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. కింద రౌనో, “లేలో! ఇలా రా, మీ అక్కని పిలువు!” అని అరుస్తున్నాడు. చెల్లెలి గొంతు, “అక్కా! ఆగవే!” అంటూ మెట్ల వెంట పరుగెత్తుకొస్తోంది.

మారిక గంట నొక్కింది. తలుపు వెనక మెషిన్ ఇంకా జోరందుకుంది. ముసలావిడకు గంట వినబడలేదు.

మారిక మళ్లీ నొక్కి, ఈసారి వేలు తియ్యలేదు.