ఆమె పిలిచే ఏవండీ

మా ఇంట్లో రోజుకి అరవైసార్లయినా 'ఏవండీ' అన్న పిలుపు వినిపిస్తుంది. అందులో ఏది నాదో, ఏది కాదో మూడేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను.

నిడదవోలులో మాకు బట్టల కొట్టు ఉండేది. గల్లా మీద నేను, లోపల చీరల వైపు నా భార్య అన్నపూర్ణ. గుమాస్తాలని పేరు పెట్టి పిలిచేది. కొనడానికొచ్చిన ఆడవాళ్ళని 'రండమ్మా' అనేది, మగవాళ్ళని 'బాబూ' అనేది. 'ఏవండీ' మాత్రం నాకోసం దాచిన మాట. ఎంత రద్దీలోనైనా ఆ మాటకి తిరిగే తల నాదొక్కటే. జబ్బు వచ్చి పేర్లన్నీ పట్టుకుపోయాక ఆమెకి ఆ ఒక్క మాటే మిగిలింది. ఇప్పుడు పాలాయన ఏవండీ, పిట్టగోడ మీది పావురం ఏవండీ, కరెంటు పోయి ఆగిన ఫ్యాను ఏవండీ. నేనూ ఏవండీనే.

కానీ నెలకో, రెండు నెలలకో ఒకసారి ఆ మాట చివర కొంచెం సాగుతుంది. తిరిగి చూస్తే ఆమె కళ్ళలో నేనుంటాను. ఊపిరి తీసుకునేంతలో మళ్ళీ పోతాను. ఆ క్షణానికి నేను ఇంట్లో లేకపోతే? ఈ భయంతోనే పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను, క్షవరానికి వెళ్ళడం మానేశాను. తలుపు తీసిపెట్టి స్నానం చేస్తాను. నిద్రలో కూడా ఒక చెవి లేచి కూర్చునే ఉంటుంది. ఇదంతా ప్రేమేనని నమ్మాను.

వెనక వీధి దుర్గాశ్రీ, మంచాన పడ్డ అత్తగారికి ఏడేళ్ళు సేవ చేసిన మనిషి, గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా అడిగేది.

"బాబాయ్‌గారూ, మంగళవారం మంగళవారం నేను కూర్చుంటానండి. అలా తిరిగి రండి. మీరు లేకపోతే పిన్నిగారేం కరిగిపోరు."

"వద్దమ్మా. నన్ను పిలుస్తుంది."

"పిలిస్తే నేను పలుకుతాను. ఎత్తుకుపోతానేంటండి ఆవిణ్ణి? నా ఒళ్ళు చూడండి, ఆవిడే నన్ను ఎత్తుకుపోగలరు."

నవ్వి తలుపు వేసేసేవాణ్ణి.

ఏప్రిల్ చివర్లో కాలవలు కట్టేశారు. ఏటా వేసవిలో గట్లు, లాకులు బాగుచేసుకోవడానికి నీళ్ళు ఆపేస్తారు. మా వరండాలోంచి కనిపించే కాలవ అడుగు పగుళ్ళిచ్చి, నోరు తెరుచుకుని పడుకున్నట్టుంది. ఆ వారమే, గురువారం నాడు, స్నానాలగదిలో ఆమె మళ్ళీ మళ్ళీ చెంబు విసిరేసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎప్పుడు పట్టుకున్నానో, ఎప్పుడు వదిలానో తెలియదు. మధ్యలో తెల్లటి ఖాళీ. వదిలాక చూస్తే నాలుగు వేళ్ళ అచ్చులు. సాయంత్రానికి అవి నీలంగా తేలాయి. నా చెయ్యి పక్కన పెట్టి కొలుచుకున్నాను. సరిపోయింది.

తరవాత నాలుగు రోజులు ఆమెను ముట్టుకోవాలంటే భయం. అన్నం తినిపిస్తూ నా వేళ్ళనే చూసుకునేవాణ్ణి, అవి ఎటు పోతాయోనని.

మంగళవారం పొద్దున్న ఆమె వరండాలో కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఒక్కో తువ్వాలునీ పట్టుచీరలాగా, అంచు పైకి వచ్చేట్టు మడిచి, అరచేత్తో నిమిరి పక్కన పెడుతోంది. ఎండ ఆమె ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ, మీరు కొత్తగా చేరారా?"

"అవునండి" అన్నాను. అబద్ధమనిపించలేదు.

"మంచివారిలా ఉన్నారు. ఒక మాట చెబుతాను, ఎవరితోనూ అనకండి." చెయ్యి చాపింది. "మొన్న ఒకాయన నలిపేశాడండి."

నీలం అచ్చుల చుట్టూ పసుపు రంగు మొదలైంది. నా గొంతు నాకే ఎక్కడో కింది అంతస్తులోంచి వినిపించింది. "ఎవరండి ఆయన?"

"పేరు తెలీదు. ఇక్కడే ఉంటాడు పాపం. ఎప్పుడు చూసినా ఇక్కడే."

"పనిలోంచి తీసేయమంటారా?"

"అయ్యో, తీసేయడం ఏంటండి! చెడ్డవాడు కాదు. ఆ మొహం చూడలేదూ మీరు? నిద్ర లేదు. అలిసినవాడు చింపితే గుడ్డ వంకరపోతుందండి. కత్తెర లాక్కుని ఇంటికి పంపాలి." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పెద్దాయనతో చెప్పి ఒక పూట సెలవిప్పించండి. కాలవకే ఇస్తారు కదా."

పెద్దాయనంటే గల్లా మీద కూర్చునే నేను. గుడ్డకి కత్తెరతో గాటు పెట్టి చేత్తో సర్రున చింపడం మా కొట్టులో గుమాస్తాల పని. మధ్యాహ్నానికి ఎవరి గాటు వంకరపోయినా ఆమె నిజంగానే కత్తెర లాక్కుని పంపేసేది. నేను గల్లా మీంచి సణిగేవాణ్ణి. మళ్ళీ ఇన్నేళ్ళకి ఆమె ఒక మనిషి తరఫున నా దగ్గరకి వచ్చింది. అతను ఇంతకాలం ఎవరినీ ఏమీ అడగలేదు.

"చెబుతానండి" అన్నాను. లోపలికి వెళ్ళి దుర్గాశ్రీకి ఫోన్ చేశాను.

స్టేషనులో మొదట వచ్చిన ప్యాసింజరుకి తణుకు టిక్కెట్టు తీసుకున్నాను. తణుకులో పనేం లేదు. రైలు కదిలింది. కోసేసిన చేలు, చేపల చెరువులు, చెరువుల్లో ముక్కలైన ఆకాశం. నా చెవి ఇంకా ఇంట్లోనే ఉంది. చక్రాల చప్పుడు దాన్ని మెల్లగా, దారం తీసినట్టు, నా వైపు లాగింది.

కలలో కాలవకి నీళ్ళు వదిలారు. నీళ్ళకి బదులు గుడ్డ తానులు విప్పుకుంటూ వచ్చాయి, తెల్లవి, లేత నీలివి, చప్పుడు లేకుండా. వాటి మీద నేను వెల్లకిలా తేలుతున్నాను. గట్టు మీంచి ఎవరో 'ఏవండీ' అన్నారు. గట్టు మీది మనుషులంతా తిరిగి చూశారు. నేను తిరగలేదు. నాకు నిద్రొస్తోంది.

"ఏవండీ! ఏవండీ! అత్తిలి దాటింది, ఎక్కడ దిగాలి మీరు?"

ఎదుటి సీటులో సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ. తణుకు ఎప్పుడో వెళ్ళిపోయింది. గడ్డం మీద చొంగ తుడుచుకుని ఇంటికి ఫోన్ చేశాను.

"అప్పుడే ఏంటండి ఫోను?" అంది దుర్గాశ్రీ. "తణుకులోనే ఉన్నారా?"

"అత్తిలి దాటిపోయానమ్మా. నిద్రపోయాను."

"పోన్లెండి, టిక్కెట్టు లేకుండా పట్టుకుంటే జైల్లో కూడా పడుకోవచ్చు."

"పిలిచిందా?"

"ఎవరిని? ఓ, పిలిచారండి, బోల్డుసార్లు. పలికాను."

"చివర సాగిందా?"

"ఏది సాగిందా?"

ఉంటానమ్మా అని ఫోను పెట్టేశాను. ఒకవేళ సాగి ఉంటే, నా మాట వేరే మనిషి చేతిలో పడింది. అది పగలలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది. భీమవరంలో దిగి, ఒక బెంచీ మీద మళ్ళీ కునుకు తీసి, తిరుగు రైలెక్కాను.

ఇంటికి వచ్చేసరికి అయిదయింది. దుర్గాశ్రీ వంటింట్లో టీ పెడుతూ, "వచ్చే మంగళవారం కూడా నేనేనండి, మాట మార్చారంటే ఊరుకోను" అంది. మార్చనన్నాను.

వరండాలో అన్నపూర్ణ నీరెండ రంగు చీర ఒకటి విప్పి, మడతపెట్టడానికి రెండో కొస అందక తికమకపడుతోంది. నా అడుగుల చప్పుడుకి తలెత్తింది.

"ఏవండీ, వచ్చారా?"

మాట సాగిందో లేదో నేను వినలేదు. ఇదివరకైతే దగ్గరగా వెళ్ళి, 'నేనెవరిని చెప్పు' అని ఆమె కళ్ళలోకి చూసేవాణ్ణి.

"వచ్చానండి" అని చీర రెండో కొస అందుకున్నాను. నా చేతులు ఆ గుడ్డని వదులుగా పట్టుకున్నాయి. ఆమె తన కొసలు పైకెత్తి నా వైపు నడిచి వచ్చింది.