వర్షకు సంబంధం

కోరుట్లలో శంకరయ్యను ఎరగనివాళ్ళు లేరు, ఆయన ఇంట్లో చాయ్ తాగినవాళ్ళూ లేరు. పిల్లికి బిచ్చం వేయని మనిషి అంటారే, ఆ మాట ఆయన కోసమే పుట్టి ఉంటుంది. అలాంటి మనిషి గోదాంలో మంజుల పిల్లులకు నీడ కల్పించింది, అదీ విచిత్రం. ఒకప్పుడు తునికాకు కట్టలు నిలవ చేసిన రేకుల గోదాం అది. ముందు సగంలో మంజుల మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. మధ్యలో పాత చీర ఒకటి పరదాగా కట్టింది. పరదా వెనక పిల్లులు ఉండేవి: బస్టాండులో దొరికినవి, ఎవరో సంచిలో కట్టి కాలువ గట్టున పారేసినవి, కాలు విరిగినవి, కన్ను పోయినవి. అద్దె అందుతున్నంత కాలం శంకరయ్య ఆ పరదా ఎత్తి చూడలేదు.

ఇప్పుడు గోదాం అమ్మేశాడు. కొన్నవాళ్ళు సోమవారం పొద్దున జేసీబీ తెచ్చి కూల్చేస్తారట. మంజుల ఊరూరా ఫోన్లు చేసి, కాళ్ళావేళ్ళా పడి, ఒక్కో పిల్లిని ఒక్కో ఇంటికి చేర్చింది. ఒంటికన్నుది మేడిపల్లిలో ఒక రైతు వడ్ల కొట్టుకు కాపలా ఉంది. కుంటిది జగిత్యాలలో ఒక మామిడికాయల వ్యాపారి కుర్చీ ఎక్కి దిగడం లేదట. ఇక మిగిలింది వర్ష.

వానలో మోరీ వెంట కొట్టుకుపోతుంటే దొరికింది కాబట్టి వర్ష. ఒళ్ళంతా మీగడ రంగు, తోక కొస మాత్రం నలుపు. ఆ రంగు చూసే భాగ్యం మంజులకు తప్ప ఎవరికీ దక్కలేదు. పరదా వెనక పాత ఇనుప బీరువా ఉంది, దాని వెనక వర్ష ఉంటుంది. మనిషి అలికిడైతే ఇంకా మూలకు జరుగుతుంది. ఫోటో తీద్దామంటే రెండు కళ్ళు మెరుస్తాయి, అంతే. కనపడని పిల్లిని ఎవరు పెంచుకుంటారు? జగిత్యాల నుంచి స్వర్ణలత టీచరు ధైర్యం చేసి తీసుకుపోయింది గానీ, అక్కడా ఫ్రిజ్ వెనక దూరి బయటికి రాలేదు. "పాలు ఖాళీ అయితున్నయి గని పిల్లి కనవడ్తలేదు మంజులా. గిది ఉన్నట్టా, లేనట్టా?" అని టీచరు వాపసు తెచ్చిచ్చింది.

తన ఇంటికే తీసుకుపోదామంటే అత్త పోశవ్వకు ఆయాసం. బొచ్చు తగిలితే ఊపిరాడదు. సోమవారం ఆ బీరువా లాగేస్తే వర్ష ఎటు ఉరుకుతుంది? గోదాం ముందే లారీల రోడ్డు. ఆ సంగతి తలుచుకుంటే మంజులకు ముద్ద దిగడం లేదు.

ఆ దిగులులోనే, పెదాల మధ్య జాకెట్ హుక్కులు పట్టుకుని, ఫోన్‌లో మైకు నొక్కి టైలర్ల వాట్సాప్ గ్రూపుకు చెప్పింది. "మా వర్షకు మంచి ఇల్లు చూస్తున్న. పిల్లి తెల్లగ ఉంటది. బాగ సిగ్గు. ఫోటో అడుగకుండ్రి, దిగదు. అవ్వ అయ్య లేరు. ఇల్లు ఎసొంటిదైన సరే, మంచిగ చూసుకుంటె చాలు. ఒడిబియ్యం పోసి మరీ పంపుత." చివరి మాట ఆమెకు అలవాటైన వేళాకోళం. పిల్లిని పంపేటప్పుడల్లా, పుట్టింటి నుంచి ఆడబిడ్డను పంపినట్టు, బుట్టలో పిడికెడు బియ్యం వేస్తుంది. హుక్కుల సందుల్లోంచి వచ్చిన మాటల్ని ఫోను తనకు వినపడినట్టు రాసుకుంది. మంజుల దాన్ని తిరిగి చదవలేదు. చదివి ఉంటే ఈ కథ లేదు.

శనివారం సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది.

"చెల్లె, నా పేరు రాజమణి. పిల్ల ఉన్నదని మెసేజ్ తిరిగి తిరిగి మా దాక అచ్చింది, చూసినం." గోదాం రేకులు అదిరే గొంతు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల మోత మధ్య బతికినవాళ్ళకు మెల్లగా మాట్లాడే అలవాటు తప్పిపోతుంది.

"ఉన్నది అక్కా. కని ముందే చెప్తున్న, బాగ సిగ్గు. మనుషులు అచ్చిండ్రంటె సాటుకు పోతది."

"సిగ్గుంటె మంచిదే గద! గీ కాలంల యాడ దొరుకుతది? మావోడు గూడ గట్లనే. నోట్లెకెల్లి మాట రాదు."

మావోడు ఎవరో మంజులకు అర్థం కాలేదు. ఇంట్లో ఇంకో గండుపిల్లి ఉందేమో అనుకుంది. రెండూ నోరులేనివైతే కొట్లాట ఉండదని ధైర్యం తెచ్చుకుంది కూడా.

"దాచుడెందుకు అక్కా, ఇంతకుముందు ఒకసారి జగిత్యాలల ఇచ్చినం. పొసగలె. వాపస్ తెచ్చి ఇడిసిపెట్టిండ్రు."

"ఎన్ని దినాలున్నది ఆడ?"

"వారం గూడ ఉంచుకోలె."

"వాళ్ళ కండ్లు మండ! అవ్వ అయ్య లేనిదాన్ని గట్ల చేస్తరా? మాకు గసొంటి పట్టింపులు లేవు చెల్లె. ఎన్కటి ముచ్చట మేము అడుగం. రేపు ఐతారం అస్తం."

ఫోను పెట్టేశాక మంజుల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒక పిల్లి మీద ఇంత దయా? లోకం ఇంకా చెడిపోలేదనుకుంది.

ఆదివారం ముగ్గురు దిగారు. రాజమణి పట్టుచీర కట్టింది. ఆమె భర్త బాలయ్య తెల్లచొక్కా వేసుకుని చేతిలో అరటిపండ్ల హస్తం పట్టుకున్నాడు. వాళ్ళ వెనక ఇస్త్రీ చొక్కాలో ఉక్కిరిబిక్కిరవుతూ కొడుకు సాయికుమార్ ఉన్నాడు, సాంచాలు నడిపే ముప్ఫై ఏళ్ళ మనిషి. రాజమణి సంచిలోంచి కొబ్బరికాయ, మల్లెపూలు, మిఠాయి డబ్బా, కవర్లో పెట్టిన చీర, గాజులు తీసి కటింగ్ బల్ల మీద పేర్చింది.

మంజుల తెల్లబోయింది. పిల్లి అరటిపండు తినదు. గాజులు దేనికో? సిరిసిల్లవాళ్ళు పద్ధతి గల మనుషులు కాబోలు, మనమే మొరటువాళ్ళం అని సర్దిచెప్పుకుని చాయ్ గ్లాసులు అందించింది.

"పిల్ల లోపలున్నదా?" అంది రాజమణి.

"పరద ఎనుక ఉన్నది అక్కా. మీ గొంతు ఇని సాటుకు పోయింది."

"పోనీ తియ్. మేము గూడ గట్లనే సిగ్గువడ్డం."

బాలయ్య గొంతు సవరించుకున్నాడు. "పని పాట ఏమన్న అస్తదా అమ్మా?"

"పనా? పొద్దంత పంటది అన్నా. ఎలుక కనవడ్తె మాత్రం ఇడువది, ఉరికి పట్టుకుంటది."

బాలయ్య భార్య వైపు చూశాడు. "ధైర్నం గల్లది," అని రాజమణి తలూపింది. "తిండికి ఎట్ల?"

"చేప తలకాయంటె పానం. గిన్నె నాకి అవుతల పెడ్తది."

"అన్నం ఇడిసిపెట్టది అన్నట్టు. మంచిదే."

మంజుల నోట పిల్లి అన్న మాట అరుదు. మా వర్ష, నా బిడ్డ, అది. తెలుగులో ఆడపిల్ల అయినా ఆడపిల్లి అయినా వచ్చింది, తిన్నది, పడుకున్నది అనే అంటాం కదా. ఏ మాటా గుట్టు విప్పలేదు.

"నాదొక్క షరతు అక్కా," అంది మంజుల. "దానికి మీరు నచ్చాలె. దానంతట అది అచ్చి మీ పక్కన కూసుంటేనే పంపుత. జబర్దస్తి చెయ్య."

రాజమణి కళ్ళు చెమ్మగిల్లాయి. "పిల్ల ఇష్టం అడిగేటోళ్ళు ఎంతమంది ఉన్నరు చెల్లె? నీ కడుపు సల్లగుండ." ఆమె కొడుకును మోచేత్తో పొడిచింది. సాయికుమార్ నేలచూపులు చూస్తూ చెమట తుడుచుకున్నాడు.

మంజులకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచివాళ్ళ దగ్గర ఏదీ దాచకూడదనిపించింది. "ఇంకొక్క మాట. ఆపరేషన్ గూడ చేపిచ్చిన. ఇగ పిల్లలు పుట్టరు. మీకు గా రంది లేదు."

రాజమణి చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. "పిల్లలు పుట్టరా? ఎవ్వరు చేసిండ్రు గా ఆపరేషన్?"

"మన పశువుల డాక్టరే అక్కా. చెయ్యి మంచిది ఆయనది."

బాలయ్య లేచి నిలబడ్డాడు. "పశువుల డాక్టరా!"

"పిల్లికి పశువుల డాక్టర్ గాక ఇంకెవ్వరు చేస్తరన్నా?"

బయట ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"పిల్లి ఏంది?" అంది రాజమణి.

"మా వర్ష."

"వర్ష... పిల్లా, పిల్లా?"

"పిల్లే అక్కా," అంది మంజుల అయోమయంగా. అని, పిల్లకైనా పిల్లికైనా ఆ జవాబు ఒక్కటేనని తనకే తెలిసి, "మ్యావ్ అనే పిల్లి," అంది.

బాలయ్య ఫోను తీసి ముందుకు చాపాడు. మంజుల చదువుకుంది. పిల్ల తెల్లగ ఉంటది. బాగ సిగ్గు. అవ్వ అయ్య లేరు. ఒక్క గుడి, లకారం నెత్తిన పెట్టే ఒక్క గుడి ఎగిరిపోయింది. తన మాటలే ఒక్కొక్కటిగా చెవుల్లో మోగుతుంటే మంజుల మొహం జేవురించింది.

"ఫోన్... హుక్కులు నోట్లె పెట్టుకోని..." అంటూ ఏదో చెప్పబోయింది.

"మా బతుకుతోని ఆటలాడుతున్నవా?" రాజమణి గొంతుకు రేకులు నిజంగానే మోగాయి. "సాంచాలు నడిపేటోనికి పిల్లను ఇయ్యం అంటున్నరు చెల్లె! కోనరావుపేటల ఒక పిల్లైతె మావోన్ని సూసి లోపలికి పోయి తలుపేసుకున్నది. కొండగట్టు అంజన్నకు మొక్కి అచ్చినం ఇయ్యాల. వాడకట్టంత చెప్పి అచ్చినం. ఇగ ఏ మొకం పెట్టుకోని పోవాలె?" అని కుర్చీలో కూలబడి ఏడ్చింది.

బాలయ్య భార్య మీద ఎగిరాడు. ఫోటో లేని సంబంధం ఏంటని తను ముందే అన్నాడట. అనలేదని రాజమణి అంది. ఈ గోలలో మంజుల ఎవరికి సర్దిచెప్పాలో తెలియక, అరటిపండ్లు తిరిగి సంచిలో పెట్టాలా వద్దా అని చూస్తూ నిలబడిపోయింది. తప్పు తనదే. అయినా తన ఏడుపు తనకుంది. తెల్లారితే జేసీబీ. ఆ అరుపులకు వర్ష ఇక ఈ జన్మలో బీరువా వెనక నుంచి రాదు.

కాస్త సద్దుమణిగాక బాలయ్య చుట్టూ చూశాడు. "పిలగాడేడి?"

చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. మనిషి లేడు. మంజుల అనుమానంగా పరదా కొస ఎత్తింది.

సాయికుమార్ లోపల ఖాళీ గోనెసంచి మీద, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అవమానం తట్టుకోలేక, దొరికిన చాటుకు వచ్చి ముడుచుకున్న మనిషి. వర్షను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ బీరువా కింద తల పెట్టి పిలిచారు, చిటికెలు వేశారు, మ్యావ్ అన్నారు. ఇతను అటు చూడను కూడా లేదు. అతని తొడ మీద మీగడ ముద్దలా ఏదో ఉంది. దాని తోక కొస నల్లగా ఉంది.

మంజుల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను కూడా దాన్ని ఇంత వెలుతురులో ఎప్పుడూ చూడలేదు. వెనకే వచ్చిన రాజమణి ఏదో అనబోయింది.

"సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాడు సాయికుమార్ వెనక్కి తిరగకుండానే. పొద్దుటి నుంచి ఆ మనిషి మాట్లాడిన మొదటి మాట అదే.

రాజమణి నోరు మూసుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె చేతిలో ఫోను పెద్దగా మోగింది. వర్ష ఉలిక్కిపడి లేచింది. అయిపోయింది, ఇక బీరువా వెనకే అనుకుంది మంజుల. కానీ వర్ష బీరువా వైపు పోలేదు. సాయికుమార్ చంకలోకి తల దూర్చి అక్కడే దాక్కుంది. అతను చెయ్యి మెల్లగా దాని మీద కప్పాడు.

"పైన అర్ర ఖాళీగ ఉన్నది గదనే అవ్వా," అన్నాడు మెల్లగా. "సాంచాల సప్పుడు ఆడికి రాదు. తీస్కపోదాం."

బాలయ్య నెత్తి కొట్టుకున్నాడు. "పెండ్లికి పోతు పిల్లిని సంకల వెట్టుకపోయినట్టని సామెత. మనం సామెతనే తిరగేసి ఇంటికి తీస్కపోవుడా?" అన్నాడు గానీ, గొంతులో కోపం లేదు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. తెర మీద పక్కింటి పుష్ప పేరు. రాజమణి కొడుకు వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. "ఎన్ని ఊర్లు తిరిగినమో," అంది మంజులతో, గుసగుసగా. "వాని పక్కకు దానంతట అది అచ్చి కూసున్నది గిదొక్కతే." కళ్ళు తుడుచుకుని, పరదా దాటి ముందుకు వెళ్ళి ఫోను ఎత్తింది.

మంజుల బియ్యం డబ్బా మూత తీసింది. తొందరలో సగం బియ్యం కింద పడ్డాయి. గుండెలో బరువు దిగిందో, కొత్తది ఎక్కిందో ఆమెకే తెలియలేదు. పరదాకు అవతల రాజమణి మాటలు వినపడుతున్నాయి. సాంచాల మధ్య పుట్టి పెరిగిన ఆ గొంతు ఇంత మెల్లగా మాట్లాడగలదని ఎవరూ అనుకోరు.

"ఆ, సూసినం పుష్పా. ఒప్పైంది... లేదు లేదు, మావోనికి గాదు, ముందుగాల పిల్లకే మావోడు నచ్చిండు... ఇయ్యాల్నే తీస్కస్తున్నం. జెర సిగ్గు పిల్ల. వాడకట్టంత ఒక్కసారే మీద వడకుండ్రి."

ఆ గుడి రాజమణి మరచిపోయిందో, కావాలనే వదిలేసిందో, బుట్టలో బియ్యం పోస్తున్న మంజులకు అర్థం కాలేదు.