పుర్రచేతి కత్తి

మా ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. సెలవు దొరికితే మాత్రం ఇంటి వెనక షెడ్డులో కత్తులు చేస్తారు. అమ్మడానికి కాదు, ఉత్త పిచ్చి. "మంచం కోడు ఊగుతుంటే పట్టదు గానీ, కత్తి అంచు వెంట్రుకంత వంకరపోతే మీకు నిద్ర పట్టదు" అని ఎన్నిసార్లు దెప్పానో. ఆయన చెవిన పెడితేగా!

ఆఖరున మొదలుపెట్టిన కత్తి మా చిన్నమ్మాయి కోసం. అది హోటల్లో వంట చేసేది. పుర్రచెయ్యి. అక్కడి కత్తులన్నీ కుడిచేతి వాళ్ళకే నూరి ఉంటాయని, ముక్కలు తిన్నగా తెగవని దాని గోల.

"నాన్నా, నాకొక్కటి ఎడమవైపు నూరిపెట్టవూ" అంది.

ఇంకేముంది! టూల్ స్టీలు పట్టీ తెచ్చారు. ఆకురాయితో రాసి రాసి ఆకారం తీశారు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. కుడివైపు చదునుగా ఉంచి, ఎడమవైపు మాత్రమే వాలు తీశారు. పిడి చెక్కుతుండగా చిన్నదానికి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత ఆయన షెడ్డు వదల్లేదు. పిడి బిగించడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఉప్పుకాగితం పెట్టి రుద్దుతూనే కూర్చునేవారు. "ఇంకా గీతలున్నాయే" అనేవారు. గీతలా, నా మొహమా! ఆ కత్తిలో బొట్టు దిద్దుకోవచ్చు. ఆయన ఒక్కరే కన్నారా పిల్లని? నేనెవరితో చెప్పుకుని ఏడవాలి?

ఒక మధ్యాహ్నం కత్తి లాక్కొచ్చి కుడిచేత్తో బంగాళాదుంప కోశాను. ప్రతి ముక్కా ఒకవైపు లావు, ఒకవైపు పల్చన.

"ఇదెవరికి పనికొస్తుందండీ? కుడివైపుకి నూరివ్వండి, కూరైనా తరుక్కుంటా!" అని అరిచాను.

ఆయన కత్తి షెడ్డులోకి పట్టుకెళ్ళారు. కాసేపటికి సానరాయి మోటారు మోగింది. చేతిలో దుంప అలాగే పట్టుకుని పరుగెత్తాను. తిరుగుతున్న రాయికి బెత్తెడు దూరంలో కత్తి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నారు. నేనే స్విచ్చు ఆపేశాను.

"నూరితే ఇది ఎవరి కత్తైనా అయిపోతుందే. నావల్ల కావట్లేదు, నువ్వే నూరు" అన్నారు.

"నావల్ల మాత్రం అవుతుందా?" అని ఆయన భుజం మీద పడి భోరుమన్నాను. అది పోయాక మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదలు.

కత్తిని అలాగే ఉంచేశాం. రోజూ దానితోనే కూరలు తరుగుతున్నాను, ఎడంచేత్తో. అలవాటు లేని చెయ్యి, ముక్కలన్నీ వంకరటింకర. ఆయన ఒక్క ముక్కా వదలకుండా తింటారు. నిన్న వేలు తెగింది. గుడ్డ చుడుతూ గొణిగారు.

"ఎందుకే ఈ తిప్పలు? వేరే కత్తి తీసుకుని కుడిచేత్తో కోసుకోరాదూ?"

"మరి దీన్ని ఎవరు పట్టుకుంటారండీ?" అన్నాను.