రాతిపొడి కొట్టిన మర్నాడు

నాకు భయమంటే ఏమిటో తెలియదు. కొమ్ములు వంచి మీదికొచ్చిన ఎద్దు నా కళ్లలోకి చూసి, పొరపాటైందన్నట్టు పక్కకి తప్పుకుంది. ఈ సంగతి మా వదినకు నలభైసార్లు చెప్పాను. నలభైసార్లూ ఆవిడ, "పాపం, ఎద్దుకి చత్వారం కాబోలు మరిదిగారూ" అనే అంది.

అన్నయ్య పోయాక కౌలు పొలం వదినే చూసుకుంటోంది. కిందటేడు గోధుమకి బూడిద తెగులు పట్టి, ఆకులన్నీ పిండి చల్లినట్టయి, తాలు గింజలు మిగిలాయి. ఈసారి కూడా పంట పోతే పొలం ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి మొహం మీదే చెప్పాడు. ఆవిడకు వేరే ఆధారం లేదు.

అందుకే మట్టి పరీక్షలు చేసే అమ్మాయి దగ్గర్నుంచి ఒక సంచి తెచ్చుకుంది. ఆ అమ్మాయి మాకిద్దరికీ విడమరిచి చెప్పింది. "ఇది విషం కాదండీ, రాతి నుంచి తీసిన పొడి. తెగులు రాకముందే నీళ్లలో కలిపి కొడితే ఆకు గట్టిపడుతుంది. బూజు లోపలికి దిగలేదు, పేనుబంకా తగ్గుతుంది. కానీ పల్చగా, ఒక్కసారే!"

కొట్టింది నేను. ఏళ్ల తరబడి వీపున డబ్బా మోసినవాణ్ణి. ఏ మందుకైనా నాదొకటే పద్ధతి: సాలు వెంట వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఒక్కసారే అన్న మాట నా చెవిదాకా వచ్చింది గానీ కాళ్లకు చేరలేదు.

మర్నాడు పొద్దెక్కాక గట్టు మీద నిలబడి చూస్తే చేను తెల్లగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. అచ్చం కిందటేటి తెలుపే.

తెగులు ఆపమంటే నేనే తెచ్చి అంటించానా? ఆ క్షణాన ఎద్దు ఎదురొస్తే దాని కాళ్లు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. వదిన వస్తున్న అలికిడైంది. వెళ్లి మోటారు గది వెనక నక్కాను.

"మరిదిగారూ, మీ చొక్కా కనబడుతోంది. చేనేంటి ఇలా ఉంది?"

"మంచు వదినా."

"ఇంత ఎండలో మంచా! ఇవతలికి రండి ముందు."

వచ్చాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక ఆకు తుంచింది. చెయ్యి వణుకుతోంది. వేలు తడిచేసి రుద్దింది. కిందటేటి బూజు మెత్తగా పులుముకుపోయేది. ఇది ఇసుకలా గరగరలాడింది. కింద ఆకు పచ్చగానే ఉంది.

"ఎన్నిసార్లు కొట్టారు?"

"వెళ్తూ..."

"ఊఁ?"

"వస్తూ కూడా."

"మీ కాళ్లు విరగ్గొట్టినా పాపం లేదు!" అంటూనే ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఇప్పుడే మంచినీళ్లతో కడిగెయ్యండి, ఎండకి మాడితే నేనేం చెయ్యలేను అంది ఆ అమ్మాయి.

గొట్టం ఆవిడ పట్టింది, మెలికలు నేను తీశాను. సాయంత్రందాకా చేనంతా కడిగాం. ఆ తర్వాత రోజూ తెల్లారకముందే వెళ్లి ఒక్కో ఆకూ తిప్పి చూసేవాణ్ణి. ఎక్కడ మచ్చ కనబడినా వేలు తడిచేసి రుద్దేవాణ్ణి.

నీళ్లు సరిగా అందని నాలుగు సాళ్లలో ఆకుల అంచులు మాడాయి. పక్క చేలకి తెగులు పాకింది. మా దాంట్లో రాలేదనను. అడుగు ఆకుల దగ్గరే ఆగింది. వెన్నులు నిండాయి. ఆసామి వచ్చి, గింజ కొరికి చూసి, వచ్చే ఏడు కూడా చేసుకోమన్నాడు.

ఇక ఎద్దు సంగతి. అది తప్పుకోలేదు, నేనే పరిగెత్తి బండి మీదికెక్కాను. అయినా అది పాత అబద్ధం, లెక్కలోకి రాదు. ఈ కథలో నేను కొత్తగా కల్పించింది ఒక్కటే. ఆకు రుద్దేటప్పుడు వదిన చెయ్యి వణికిందన్నాను చూశారా? ఆవిడ చెయ్యి వణకలేదు. వణికింది నాది. ఆవిడ నా వేలు పట్టుకుని ఆకు మీద రుద్దించింది.