అందని రెండో భాగం

ఇంగ్లండులోని విట్బీ రేవులో ఆ రోజుల్లో నవల అంటే మూడు భాగాలు, మూడూ విడివిడి పుస్తకాలు. అద్దె లైబ్రరీలో మొదటిది ఇట్టే దొరికేది. రెండోది మాత్రం ఎప్పుడు చూసినా ఎవరో మహాతల్లి దిండు కిందే ఉండేది.

పందొమ్మిదేళ్ల డోర్కస్‌కి చదువు పిచ్చి. పొయ్యిమీద రొట్టె మాడినా పేజీ వదిలేది కాదు. లైబ్రరీ చందా కట్టేది మేనత్త కెజయా. చూపు మందగించి మంచం పట్టిన మనిషి. రోజూ టీ తాగాక మేనకోడలు చదివి వినిపించాలి, అదీ షరతు. కెజయాకి అబద్ధమంటే ఒళ్లు మంట. ఒక్క అబద్ధానికి పాత పనిమనిషిని అప్పటికప్పుడు పంపేసింది.

ఆ చలికాలం ఓ ఓడ కెప్టెన్ కథ మొదటి భాగం అయిపోయింది. రెండోది రాలేదు. తర్వాతేమైందని అత్త ప్రాణం తోడేస్తోంది. డోర్కస్ పాత చర్చి ప్రసంగాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, సొంతంగా కథ అల్లి చదివేసింది. అబద్ధమాడినా అతికినట్టుండాలిగా, మొదట్లో ఒక్కో మాటా చూసి చూసి పలికింది. వారం తిరిగేసరికి రుచి మరిగింది. తుఫానులో కెప్టెన్ మునగడమే కథకి సబబని ఆమెకి తెలుసు. కానీ అత్త పెళ్లి చేసుకోవాల్సినవాడు తిమింగలాల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆవిడ ముందు మరో నావికుణ్ణి ముంచడానికి డోర్కస్‌కి నోరు రాలేదు. కెప్టెన్ని ఒడ్డున పడేసింది.

ఓరోజు పాదిరీగారి భార్య మిసెస్ పికర్స్‌గిల్ పరామర్శకొచ్చింది. మాటల్లో ఆ నవల రెండో భాగం తన దగ్గరే ఉందని, పాపం కెప్టెన్ మునిగిపోతే తెగ ఏడ్చానని చెప్పింది.

"మునగలేదే?" అంది కెజయా.

"మునిగాడండీ. నేను చదివాగా."

డోర్కస్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ వెళ్లాక డోర్కస్ తలుపు వేసొచ్చింది. చందా పోయినట్టే, ఇక జన్మలో పుస్తకం ముట్టనట్టే అనుకుంది.

"అయితే ఇన్నాళ్లూ నువ్వు చదవలేదన్నమాట," అంది కెజయా.

"లేదత్తా. నేనే కల్పించాను."

"వాణ్ణెందుకు బతికించావే?"

డోర్కస్ ఏడ్చేసింది. కెజయా చేయి చాచి, తడుముకుంటూ ఆమె చెంప తుడిచింది.

"ఆ రెండోది ఇంటికి తేకు. మూడోదీ వద్దు. ఒడ్డుకొచ్చినవాడు ఇల్లు చేరాడో లేదో నువ్వే చెప్పు."