సన్నటి అంచు

రాళ్ల కోసం కూతురు మర్నాడు అగ్నిపర్వతం ఎక్కబోతోందని తెలిసినప్పటి నుంచి ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు. ఎలాగైనా ఆపాలని ఏకంగా కూతురు పనిచేసే రాళ్ల పరిశోధనశాలకే వెళ్లింది. రాళ్లు కోసే యంత్రం బురదనీళ్లు చిమ్ముతున్న గది దాటి లోపలికి వెళితే, కూతురు మైక్రోస్కోపుకు అతుక్కుపోయి ఉంది.

"ఇక్కడికెందుకొచ్చావమ్మా?"

"నీ కాళ్లకు అడ్డం పడదామని."

కూతురు నవ్వి, తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి చూడమంది. వెనకటిసారి కొండ పేలినప్పుడు పడ్డ రాయి అది. కాగితం కన్నా పలచగా అరగదీసిన ముక్కలో రంగురంగుల పలుకులు మెరుస్తున్నాయి.

"కొండ కడుపులో, కరిగిన రాతిలో పెరిగిన పలుకులమ్మా ఇవి. అడుగు నుంచి ఇంకా వేడిది కొత్తగా వచ్చి కలిస్తే వీటి చుట్టూ మరో అంచు కడుతుంది. కొండ పేలిందా, ఆ పెరగడం అక్కడితో సరి."

"అంచు సన్నగానే ఉందిగా!" తల్లి ప్రాణం కుదుటపడింది. "అంటే ప్రమాదం కూడా కాస్తంతేనన్నమాట."

కూతురి ముఖంలో నవ్వు మాయమైంది. "తిరకాసంతా అక్కడేనమ్మా. సన్నగా ఉందంటే పెరగడానికి వ్యవధే లేదని. కొత్త వేడి తగిలిన నాలుగైదు రోజులకే పేలిందని." గొంతు తగ్గించింది. "మొన్నటి నుంచి కొండ లోపల మళ్లీ అదురుతోంది. పేలాలంటే నెలలు పడుతుందిలెమ్మని మా పెద్దసారు ఇవాళే ఇద్దరిని వెంటబెట్టుకుని పైకెళ్లారు."

తల్లి స్టూలు మీంచి లేచింది. "మరి ఫోన్ చేసి దిగమనవేం?"

"ఒక్క ముక్కలో చూసిందమ్మా ఇది. ఇంకొన్ని చూస్తేగానీ... రేపు ఏమీ జరక్కపోతే? పిల్ల రాయిని చూసి జడుసుకుందని అందరూ నవ్వుతారు."

"నవ్వితే ఒంటికి చిల్లులు పడతాయా? నువ్వు బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే వీధులన్నీ పరిగెత్తినదాన్ని. చూసినవాళ్లంతా నవ్వారు. నాకేమైందట? గుండ్రాయిలా ఉన్నాను. చెయ్యి ముందు!"

కూతురు చేసింది. ఫోన్లో పెద్దసారు నవ్వు తల్లికీ వినబడింది.

"రాయి చెప్పిందా, మీ అమ్మ చెప్పిందా?"

"ఇద్దరూ చెప్పారు సార్." కూతురు ఫోన్ పెట్టెయ్యలేదు. అంచు ఎంత సన్నమో, ఎన్ని పలుకుల చుట్టూ అలాగే ఉందో గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. అవతల నవ్వు ఆగిపోయింది. గాలి హోరులో ఆయన వెంట ఉన్నవాళ్లను కేకేశారు.

"సరే, దిగుతున్నాం. రేపు నువ్వూ రావద్దు."

తల్లి ఏ మాట కోసం వచ్చిందో ఆ మాట దొరికింది. అయినా ఇంటిదారి పట్టలేదు. వాళ్లు కిందికి చేరేదాకా కొండ ఊరుకోవాలి. ఆ తర్వాత కూడా ఊరుకుంటే కూతురు పదిమందిలో పలచనైపోతుంది. ఊరుకోకపోతే? కొండ చుట్టూ ఎన్ని ఇళ్లో, ఎంతమంది పిల్లలో!

కూతురు మరో రాతిముక్కను అద్దం కిందికి జరుపుతోంది. ఆ వంగిన వీపును నిమురుతూ, తన బిడ్డ రేపు అందరిచేతా నవ్వించుకోవాలని ఆ తల్లి మనసారా కోరుకుంది.