బామ్మర్ది పట్టిన తాడు

తేనెకు బండ దిగేవాడి తాడు బామ్మర్దే పట్టాలి. అన్న పట్టకూడదు, తమ్ముడు పట్టకూడదు, కన్నకొడుకు కూడా పట్టకూడదు. గిద్దలూరు వైపు నల్లమల గూడేల్లో ఇది ఎవరూ రాసిపెట్టని చట్టం. కారణం పిల్లలకు కూడా తెలుసు. అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవ ఉంటుంది, కొడుక్కి తండ్రి మీద కడుపులో ఏదో ఉంటుంది. బామ్మర్ది తాడు వదిలితే మాత్రం తాళి తెగేది వాడి తోబుట్టువుదే. అందుకని వదలడు. "నరసింహస్వామి మన గూడెం పిల్లను చేసుకున్నాడు, మన ఇంటి అల్లుడు. ఆ సామి తేనెకు దిగినా తాడు పట్టేది మనమే" అని గూడెంలో పెద్దవాడైన శంకరయ్య బీడీ కాల్చినప్పుడల్లా అంటాడు.

ఈ చట్టం చేసిన పెద్దలు తెలివిగలవాళ్ళే. కానీ ఒక్కటి ఆలోచించలేదు. అక్క తాళి తెగితేనే మేలని బామ్మర్దికే అనిపిస్తే ఏం గతి?

చెంచయ్యకు అనిపించింది.

చెంచయ్య మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. ఎండలు ముదిరి తేనెపట్లు నిండే కాలంలో మాత్రం ఏటా గూడేనికి వచ్చి, అక్క మొగుడు అంకన్నకు తాడు పట్టి పోతాడు. ఈసారి బస్సు దిగి, ఆటో దిగి, గూడెంలోకి నడిచి వచ్చేసరికి అక్క కుమారి కుడిచేతికి సిమెంటు కట్టు ఉంది. మణికట్టు విరిగింది. గిద్దలూరు ఆసుపత్రిలో కట్టిన కట్టు.

"ఏందక్కా ఇది?"

"పడినా."

"యాడ పడినావు?"

కుమారి ఎడమచేత్తో పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ మాట మార్చింది. "సన్నబడినావు రా. ఆ దుమ్ము మింగి మింగి మొహం పలక మాదిరి అయింది. దాని మీద అఆలు దిద్దుకోవచ్చు."

చెంచయ్య నవ్వలేదు. తల్లి పోయేనాటికి అతను ఇంకా నడక నేర్వని పిల్లవాడు. ఆ విరిగిన చేతి వేలు పట్టుకునే నేర్చాడు.

అంకన్న గుడిసె బయట కూర్చుని తాడు పేటలు విప్పి చూసుకుంటున్నాడు. పక్కన శంకరయ్య. చెంచయ్య పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"బావా, అక్క చెయ్యి ఎట్ల ఇరిగింది?"

అంకన్న అబద్ధం చెప్పలేదు. అది మంచి గుణమో సిగ్గులేనితనమో చెప్పడం కష్టం. "నేనే కొట్టినా. కొట్టినా గానీ నేను కొట్టలేదు రా బామ్మర్దీ. లోపల మందు ఉండె. చెయ్యి లేసింది. నేను లేపలే, అదే లేసింది."

"చెయ్యి నీదే గదా."

"నాదే. నా మాట వినదు. మా నాయన చెయ్యి కూడా అంతే. మాయమ్మ ముందుపళ్ళు రాలగొట్టి, పొద్దున్నే ఆయమ్మ పక్కన కూచోని ఏడ్సేటోడు. నేను కూడా ఏడ్సినా, మీ అక్కను అడుగు. ఆ రక్తమే గదా ఇది."

శంకరయ్య తల ఊపాడు. "వంశం నాయనా. తలరాత. మందు లోపలికి పోయినాక ఇంక మనిషి యాడుంటాడు, మందే ఉంటది."

ఎంత సుఖమైన మాట. మందు అమ్మినవాడిది తప్పు కాదు, తాగినవాడిది తప్పు కాదు, కొట్టినవాడిది కూడా కాదు. తప్పంతా చెయ్యిది, రక్తానిది, రాతది. విరిగిన ఎముక పట్టుకుని ఆటోలో ఆసుపత్రికి పోయింది మాత్రం రక్తం కాదు, రాత కాదు. కుమారి పోయింది.

చెంచయ్య గుడిసెలోకి పోయాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ నిర్ణయించుకున్నాడు. దానికి పెద్ద ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. చెయ్యి దానంతట అదే లేవగలిగితే, దానంతట అదే వదలను కూడా వదలగలదు. రేపు బండ మీద తన చేతులు వదులుతాయి. ఎవరైనా అడిగితే "నేను వదల్లే, అవే వదిలినాయి" అంటాడు. శంకరయ్య తల ఊపుతాడు. తలరాత అంటాడు. అయిపోతుంది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కూర కారంగా ఉందని కూడా తెలియలేదు. అక్క అతని మొహం వైపే చూస్తోంది.

పొద్దున బయలుదేరేటప్పుడు కుమారి ఎడమచేత్తో తువ్వాలు అందించింది. "పొద్దు గూకకముందే రాండి" అంది. గడప దాటాక వెనక నుంచి మళ్ళీ అంది. "ఇద్దరూ."

గద్దలబండ అంటే కొండను ఎవరో నిలువునా కోసి సగం పట్టుకుపోయినట్టుంటుంది. పైన నిలబడి కిందికి చూస్తే లోయలో మానులు కొత్తిమీర కట్టల్లా కనిపిస్తాయి. అంచు కింద, రాయి ముందుకు పొడుచుకొచ్చిన చోట, పట్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి మనిషి పట్టేంత. పైన ఈగలు పొరలు పొరలుగా కప్పుకుని ఉన్నాయి. ఎక్కడో ఒక ఈగ కదిలితే ఆ కదలిక పట్టంతా పాకుతుంది, నీళ్ళ మీద గాలి పోయినట్టు. అన్ని వేల ఈగలకు ఎవరు చెబుతున్నారో తెలియదు. ఒక్కటి కూడా తప్పదు. ఆ మోత చెవులకంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. 

తాడును చండ్రచెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, కొస పట్టుకుని, వేరుకు కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాడు. అంకన్న నడుముకు రెండో కొస బిగించుకున్నాడు.

"తాగలేదు గదా బావా?"

"బండ దిగే పొద్దు ముట్టను. నీకు తెల్వదా?"

చెంచయ్యకు తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టలేదు. అంటే బండ దగ్గర చెయ్యి మాట వింటుంది. ఇంటి దగ్గరే వినదు.

"గట్టిగ పట్టు రా. కునికేవు" అని నవ్వి, పచ్చాకుల పొగమోపు, తేనె డబ్బా తగిలించుకుని, అంకన్న అంచు దాటాడు. ముందు కాళ్ళు మాయమయ్యాయి, తర్వాత నడుము, చివరికి తల. ఇక మిగిలింది తాడు. బరువు తాడులోకి వచ్చింది. తాడు నుంచి చేతుల్లోకి వచ్చింది. మనిషి కనిపించడు గానీ, వాడు ఊపిరి పీల్చినా, కాలు మార్చినా, కత్తితో పట్టును కోసినా అరచేతులకు తెలుస్తుంది.

కోస్తున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. రాయిని పట్టుకుని లేడు.

ఇప్పుడు, అనుకున్నాడు చెంచయ్య.

వేళ్ళు కదల్లేదు.

భయమేమో అనుకున్నాడు. అక్క చేతికట్టును తలచుకున్నాడు. పడినా అన్న మాటను తలచుకున్నాడు. కోపం బాగా పైకి వచ్చాక మళ్ళీ అనుకున్నాడు, వదలండి. చేతులకే చెప్పాడు, పని చెయ్యని కూలీలకు మేస్త్రీ చెప్పినట్టు. అవి ఇంకా బిగుసుకున్నాయి.

అప్పుడే గాలి తిరిగింది. పొగ లోయలోకి కొట్టుకుపోయింది. మోత మారింది. ఈగలు అంచు మీదుగా పైకి లేచాయి. ఆకాశం మీద ఎవరో తవుడు చల్లినట్టు కనిపించి, మరుక్షణం మొహం మీద పడ్డాయి. కనురెప్పలు, పెదాలు, చెవులు. నిప్పురవ్వలు ఏరి ఒక్కొక్కటే పెట్టినట్టు. కేక పెడదామని నోరు తెరిస్తే నోట్లోకి వచ్చాయి.

ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఇప్పుడు వదిలితే లోకంలో ఎవడూ తప్పనడు. ఈగలు చంపేస్తున్నాయి, పాపం ఏం చేస్తాడంటారు. మనసు వదలమంటోంది. ఒళ్ళు వదిలి పరుగెత్తమంటోంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. కోపం, నొప్పి, భయం అన్నీ ఒక పక్కన చేరి ఒకే మాట చెబుతున్నాయి. ఇంకో పక్కన రెండు చేతులు. అవి ఎవరి మాటా వినడం లేదు. అంకన్న పైకి ఎక్కుతున్నప్పుడు వదులైన తాడును లాగుతున్నాయి, చెట్టుకు బిగిస్తున్నాయి, మళ్ళీ లాగుతున్నాయి. కళ్ళు వాచి మూసుకుపోయిన చెంచయ్య, ఇంకెవరి పనో పక్కన కూర్చుని వింటున్నట్టు, వాటి పని విన్నాడు.

ఎవరివి ఇవి? నాయన మేనత్త మొగుడికి తాడు పట్టిన తాత చేతులా? ఆ తాతకు ముందు పట్టినవాడివా? ఈ బండ మీద ఈ చెట్టుకో, ఇంతకుముందు ఎండిపోయిన చెట్టుకో కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్న బామ్మర్దులందరూ తన వెనక వరసగా కూర్చుని ఒకే తాడు లాగుతున్నట్టు అనిపించింది. దయ్యం కాదు, దేవుడు కాదు. దాని పేరేమిటో అతనికి తెలియదు. 

అంకన్న అంచు ఎక్కాడు. బామ్మర్ది మీద తువ్వాలు కప్పి, పొగమోపును ఈగల మీదికి విసిరి, పొదల్లోకి ఈడ్చుకుపోయాడు. మోత దూరమయ్యాక చూస్తే తాడు ఇంకా చెంచయ్య చేతుల్లోనే ఉంది.

"ఇడువు రా. పైకి వచ్చినా గదా."

"రావట్లే బావా. తెరుచుకోవట్లే."

అంకన్న పక్కన చతికిలబడి ఆ వేళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. బొటనవేలు. చూపుడువేలు. తోలు తాడుకు అంటుకుని ఊడి వస్తోంది. "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు తనకు తానే. కుమారి మణికట్టు విరగ్గొట్టిన చేతులు అవే. అంత మెత్తగా కూడా ఉండగలవని చెంచయ్యకు తెలియదు.

"వదిలేద్దామనుకున్నా బావా."

"ఈగలు అట్ల మీద పడితే ఎవడైనా అనుకుంటాడు లే."

"ఈగలు రాకముందే. నిన్న అన్నం తింటా అనుకున్నా. నిన్ను చంపుదామని."

చిటికెనవేలి మీద అంకన్న చెయ్యి ఆగింది.

"మీ అక్క చెప్పింది" అన్నాడు చివరికి. "వాని కళ్ళు బాగలేవు, రేపు దిగొద్దు అన్నది."

"మరి ఎందుకు దిగినావు?"

"నువ్వు తాడు పట్టుకోని కూచున్నావు గదా. బామ్మర్ది పట్టినాక ఇంకేంది. దిగినా." చిటికెనవేలు విప్పాడు. "మరి నువ్వెందుకు వదల్లే?"

"వదలమని చెప్పినా. అవి వినలే."

వాచిన మొహంలోనే అంకన్న కళ్ళు వెలిగాయి. "చూసినావా? నేను చెప్పింది అదే గదా. చెయ్యి మన మాట వినదు రా."

చెంచయ్య లేచి కూర్చున్నాడు. కళ్ళు కనిపించకపోయినా బావ గొంతు వైపు తిరిగాడు. "నా చేతులు నా మాట వినకుండా నిన్ను బతికిచ్చినాయి. నీ చెయ్యి నీ మాట వినకుండా ఏం చేసింది?"

అంకన్న తన నడుముకున్న తాడు ముడి విప్పుకోసాగాడు.

"ఇంకోటి చెప్తా. ఈసారి వినలే. మళ్ళీసారి వింటే? నాకు భయమైతాంది బావా. నేను ఇంక పట్టను."

బామ్మర్ది పట్టనంటే ఆ గూడెంలో ఇంకెవడూ పట్టడు. అంకన్నకు తేనె లేదు, పదిమందిలో పరువు లేదు. అంకన్న భుజం పట్టుకుని నడుస్తుంటే, ఇల్లు చేరేసరికి చెంచయ్యకు ఒక కన్ను సన్నగా తెరుచుకుంది.

వాళ్ళను చూసి కుమారి ముందు నవ్వింది. "ఎవురు ఎవురో తెల్వకుండా వచ్చినారే. గుమ్మడికాయలు నడిచొచ్చినట్టు." తర్వాత నవ్వు ఆగిపోయింది. తమ్ముడి అరచేతులు చూసింది.  అతన్ని పొయ్యి వెలుగులో కూర్చోబెట్టి, ఎడమచేత్తో మొహంలో దిగిన ఈగల ముళ్ళు ఏరసాగింది. ఒక్కొక్క ముల్లు తీసినప్పుడల్లా ఊపిరి వదులుతోంది, నొప్పి తనకే అన్నట్టు.

అంకన్న డబ్బాలోంచి తేనె కారుతున్న పట్టుముక్క ఒకటి తుంచాడు. ఏటా మొదటి ముక్క కుమారికే. వెనక నుంచి వచ్చి, ఆమె భుజం మీదుగా చెయ్యి చాపాడు.

కుమారి తల గభాలున కిందికి వంగింది. కట్టు కట్టిన చెయ్యి మొహానికి అడ్డంగా లేచింది. దాని దెబ్బకు పట్టుముక్క ఎగిరి బూడిదలో పడింది.

 కుమారి సిగ్గుపడి చెయ్యి దించుకుంది. "తేనె పాయె" అంది. "నేను లేపలే. అదే లేసింది."

ఆ మాట ఎక్కడిదో ఆమెకు గుర్తులేదు. ఇద్దరు మగవాళ్ళకూ గుర్తుంది.

అంకన్న కూలబడ్డాడు. "ఎన్నాళ్ళయింది ఇట్ల?"

"ఏంది?"

"అట్ల లేసేది."

"నాకేం తెలుసు. నువ్వు నీళ్ళు తాగను చెంబు ఎత్తినా లేస్తది. నిద్దర్లో నువ్వు పక్కకు తిరిగినా లేస్తది. నేను వద్దన్నా వినదు."

అంకన్న తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న నుంచి తనకు వచ్చిందని చెప్పుకున్నది తన దగ్గర ఆగిపోలేదు. ఆమె ఎముకలోకి పోయి కూర్చుంది. పొయ్యిలో పుల్ల చిటపటమంటే ఉలిక్కిపడ్డాడు.

చెంచయ్య తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. తోలు ఊడిన చేతులకు అది నిప్పులా తగిలింది.

"తాడు నా దగ్గరుంటది బావా. అక్క చెయ్యి నిన్ను చూసి లేవని రోజు ఫోన్ చెయ్యి. వచ్చి తాడు పట్టుకుంటా."

"ఎన్నాళ్ళకు?"

"నాకేం తెలుసు. ఆ చెయ్యినే అడుగు."

అంకన్న పొయ్యి వైపు చూశాడు. బూడిదలో పడిన ముక్క తీసి, కడిగి, ఆమెకు ఇవ్వాలని ఉంది. లేవబోయి ఆగాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ముందుగా చెప్పాడు.

"కుమారీ, లేస్తన్నా."

కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళు కదిలాయి. చెయ్యి ఒళ్ళో నుంచి కొంచెం లేచింది, అక్కడ నిలిచింది. అక్క, తమ్ముడు, మొగుడు ముగ్గురూ దాన్నే చూశారు, ఈగలు లేస్తాయో లేవవో తెలియక బండ అంచున నిలబడి చూసినట్టు.